గూళ్ళున్న మాన్లు

ఆదిమూలం సంచి నేనే సర్దాను. రెండు పంచెలు, రెండు చొక్కాలు, తువ్వాలు, స్టీలు లోటా, ఆధార్ కార్డు జిరాక్సు. షుగరు మాత్రలు పెట్టానో లేదో గుర్తు లేక మూడుసార్లు అన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాను. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయలుదేరినా నాకిదే అవస్థ. మా నాయనను చివరిసారి ఆసుపత్రికి బండెక్కించింది నేనే. మా అమ్మను చివరిసారి బస్సెక్కించిందీ నేనే. అప్పటి నుంచి సంచి జిప్పు లాగేటప్పుడు నాకు చేతులాడవు.

"వొదినా, నేను పోతా ఉండేది తిరపతికి. మూడునాళ్ళ పని. కన్నుకు ఆపరేషను జేస్తారు, గుడ్డ కడతారు, తోలేస్తారు," అన్నాడు ఆదిమూలం.

"నవ్వొద్దప్పా. మాత్రలు ఈ పక్క అరలో ఉండాయి. సూసుకో."

"కనపడకనే కదా ఆడికి పోతా ఉండేది. చేత్తో తడుముకుంటాలే."

ఆదిమూలం నా మరిది. పెళ్ళి చేసుకోలేదు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి ఆయనకు పదకొండేళ్ళు. బడి నుంచి వచ్చి ఆయన గోడవారన పడేసిన వాచకాన్ని, ఎవరూ చూడనప్పుడు ముందు పెట్టుకుని నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇప్పుడాయనకు అరవై ఒకటి. పూతలపట్టుకు రెండు మైళ్ళ దూరంలో మామిడి తోపు, తోపులోనే ఇల్లు, ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయనది లెక్కా మాటా. ఆదిమూలానిది చెట్టు.

ఆ ఏప్రిల్లో అన్నదమ్ములిద్దరికీ ఒకే తగాదా. తోపుకు దక్షిణం పక్క మా మామగారు నాటిన బెంగళూర మామిడి చెట్లు ఎనిమిది ఉండేవి. కాండంలో పురుగు పడి ఎండుతూ వచ్చాయి. కిందటి సంవత్సరం కాపు దిగాక, వానలు తగ్గే పొద్దుకు ఆదిమూలం వాటి కొమ్మలన్నీ కోసేసి, మనిషిన్నర ఎత్తు మాన్లు మాత్రం నిలబెట్టి, కోసిన చోటల్లా మైలుతుత్తం, సున్నం కలిపి పూశాడు. మోడు కొట్టడం అంటారు దాన్ని. ప్రాణం ఉంటే నాలుగైదు నెలల్లో చిగురేస్తుంది. ఉగాది దాటిపోయింది. ఒక్కటీ చిగురెయ్యలేదు.

"ఎనిమిదీ చచ్చినాయి. పెరికేసి కొత్త అంట్లు నాటుదాం. తోపంతా ఒక పద్ధతిలో పెట్టి ఎవురికైనా చూసుకోమని ఇచ్చేస్తాం," అనేవాడు మా ఆయన.

"నాలుగు చచ్చినాయి. నాలుగు బతికుండాయి. రవంత ఆలీసెమవుతుంది, అంతే," అనేవాడు ఆదిమూలం.

"నీకెవురు చెప్పినారు?"

"పిట్ట చెప్పింది."

"ఓహో. నేను అడిగితే చెప్పదా అది?"

"నువ్వు దానితో ఎప్పుడన్నా మాట్లాడినావా అన్నా?"

వడ్రంగిపిట్ట గురించి ఆ మాట. మా తోపులో ఒక జంట ఉండేది. వీపు పసుపుకొమ్ము రంగు, నెత్తిన ఎర్రటి జుట్టు. మాను మీద నిలువుగా అతుక్కుని, తోకను ఊతకర్రలాగా ఆనించి, ముక్కుతో కొట్టేది. మనిషి దగ్గరికి వస్తే మాను చుట్టూ తిరిగి ఆ పక్కకు పోయి దాక్కునేది. ఆదిమూలం అది కొట్టిన చోటు గుర్తు పెట్టుకుని, తర్వాత పోయి అక్కడ చెవి ఆనించి వినేవాడు. కొడవలి పిడితో తట్టి చూసేవాడు. ఇనప తీగ లోపలికి దూర్చి వేలంత పురుగును బయటికి లాగి, మందులో ముంచిన దూది కూరి, మట్టితో మూసేవాడు. "అది డాక్టరు, నేను కాంపౌండరు" అని ఎవరైనా వస్తే చెప్పుకునేవాడు.

చివరికి అన్నదమ్ములు ఒక ఒప్పందానికి వచ్చారు. చచ్చిన నాలుగూ జూన్ నెలలో కొట్టించాలి. మిగతా నాలుగూ వానలు పడేదాకా ఆగాలి. అవి చిగురిస్తే తోపు ఎప్పటిలాగా ఆదిమూలం చేతిలో ఉంటుంది. చిగురించకపోతే తోపంతా కొత్త అంట్లు పెట్టి, బయటి మనిషికి అప్పగించేస్తారు. మా ఆయన ఆ రెండో మాట అన్నప్పుడు ఆదిమూలం చేతిలో సంగటి ముద్ద ఉంది. "సరే అన్నా" అని ముద్ద దించేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆటో వచ్చి నిలబడింది. మా ఆయన ముందే ఎక్కి కూర్చుని "ఆలీసెమవుతా ఉండాది, బిన్నే రా అప్పా" అని కేకేస్తున్నాడు. ఆదిమూలం ఎక్కబోయి వెనక్కి వచ్చాడు.

"వొదినా, గూడు మానును ఎవుర్నీ ముట్టుకోనీయొద్దు. గుడ్లు పెట్టే పొద్దు. నా మాన్లు నాలుగూ జాగర్త."

"సరే పో," అన్నాను. ఆటో గేటు దాటి మలుపు తిరిగేదాకా చూశాను. మాత్రల సంగతే ఆలోచిస్తున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదికి చిన్నబ్బ దిగాడు. వెనకాల ట్రాక్టరు, రంపం మిషను, ఇద్దరు కూలీలు. చిన్నబ్బ మా చుట్టుపక్కల చెట్లు కొట్టే మనిషి. జూన్లో రావలసినవాడు.

"ఏం జ్ఞానమ్మక్కా, అన్న లేడా?"

"తిరపతికి పోయినారు ఇద్దురూ. నువ్వేందప్పా, జూన్లో గదా?"

"పక్క తోటలో పని బిన్నే అయిపోయింది. రేపట్నించి నాయుడుపేట పక్క ఒప్పుకోని ఉండా. ఈ పొద్దు కాకపోతే ఆడి నెల దాటినాకే నేను మల్లా ఈ దావకొచ్చేది. నీ ఇష్టం."

ఆగస్టు నడిమి దాకా ఉండే ఆడి నెల దాటితే గుంతలు తవ్వేది ఎప్పుడు, అంట్లు నాటేది ఎప్పుడు? మా ఆయన ఇంటికొచ్చి చిన్నబ్బను వెనక్కి పంపానని తెలిస్తే ఏమంటాడో నాకు తెలుసు. ఫోను చేశాను. స్విచ్ ఆఫ్ అని చెప్పింది. ఆసుపత్రిలో ఆపేయమని ఉంటారు. పదినిమిషాలకొకసారి చేస్తూనే ఉన్నాను. చిన్నబ్బ అరుగు మీద కూర్చుని రెండు లోటాల మజ్జిగ తాగాడు. కూలీలు బీడీలు కాల్చారు. ట్రాక్టరు డ్రైవరు గేటు దగ్గర హారను కొట్టాడు.

దక్షిణం పక్కకు పోయాను. ఎనిమిది మోళ్ళు. వాటిలో చచ్చిన నాలుగూ ఏవో నాకెవరూ చూపించలేదు. నాలుగింటికి తొర్రలున్నాయి. ఒకదాంట్లో వడ్రంగిపిట్ట ఆ వారమే కొత్తగా తొలిచిన గూడు, గుండ్రంగా, కొలిచి తొలిచినట్టు ఉంది. మిగతా మూడింట్లోనూ అది అంతకుముందు తొలిచి వదిలేసిన గూళ్ళు. ఒకదాంట్లో గోరింకలు, ఇంకోదాంట్లో చిలకలు, మూడోదాంట్లో చిన్న గుడ్లగూబ. మరో నాలుగు మాన్లకు గూళ్ళు లేవు. బెరడంతా పొడిచి పొడిచి చీలికలు చీలికలుగా ఉంది, అమ్మవారు పోసిన మొహంలాగా.

నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పిల్లల పుస్తకం ఒకటి అప్పుడు ఇంట్లో ఉండేది. పక్షుల గురించి. వడ్రంగిపిట్ట ఎండిన చెట్ల బెరడు చీల్చి పురుగులను ఏరుకు తింటుందని అందులో ఉంది. ఎండిన చెట్ల బెరడు. ఇవిగో చీలికలు. ఆదిమూలం గేటు దగ్గర చెప్పింది గూడు మానును ముట్టుకోనీయొద్దని. ఇవిగో గూళ్ళు, సరిగ్గా నాలుగు. నాలుగిళ్ళలో నాలుగు కాపురాలు కిచకిచమంటున్నాయి. ఇన్ని ప్రాణాలు ఉంటున్న మాను చచ్చింది ఎట్లా అవుతుంది? నాకు అంతా కుదిరిపోయినట్టే అనిపించింది. అంత బాగా కుదిరినందుకు కొంచెం భయం కూడా వేసింది.

"గూళ్ళుండేటివి ముట్టుకోవద్దు చిన్నబ్బా. ఈ నాలుగూ కొట్టు," అన్నాను.

"తొర్రపోయిన మాన్లు ఉంచుకోని ఏం జేస్తావక్కా?"

"పిట్టలుండాయి వాటిల్లో."

"తోపు పిట్టల పేరు మీద రాసిచ్చేసినారా ఏం?" కూలీలు నవ్వారు.

నాకు రోషం వచ్చింది. "చెప్పింది చెయ్యి," అన్నాను.

మిషను శబ్దానికి పిట్టలన్నీ లేచిపోయాయి. చచ్చిన మానును కోస్తే పొడి రేగుతుంది. మొహానికి తువ్వాలు కట్టుకోవాలి. ఇక్కడ పొడి రేగలేదు. రంపం కింద పొట్టు తెల్లగా, ముద్దలు ముద్దలుగా పడింది. సొన వాసన వచ్చింది. కాయ కోసినప్పుడు వచ్చే వాసన.

చిన్నబ్బ మిషను ఆపాడు. వంగి, కోసిన చోట బొటనవేలితో రాసి, వేలు నా వైపు తిప్పాడు.

"అక్కా, ఇది పచ్చిగా ఉండాదే."

కూలీలిద్దరూ నా మొహం చూశారు. ఆపమని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది, ఎంత చిన్న మాట. కానీ నేను అన్నది వేరే.

"మొదలు దగ్గర తడి ఉంటుందిలే. కొట్టు."

తర్వాతి మూడూ నేను చూడలేదు. ఇంట్లోకి పోయి, చేట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాను. మిషను మూడుసార్లు మోగి మూడుసార్లు ఆగింది. మధ్యాహ్నానికి ట్రాక్టరు వెళ్ళిపోయింది.

మూడోరోజు పగలు పదకొండుకు వాళ్ళు తిరిగొచ్చారు. ఆదిమూలం నల్లద్దాలు పెట్టుకుని, అన్న భుజం మీద చెయ్యి వేసుకుని ఆటో దిగాడు. వారం రోజులు ఎండ, దుమ్ము తగలకూడదని, తల వంచకూడదని డాక్టరు చెప్పాడట. లోపలి గదిలో మంచం వేసి కిటికీకి దుప్పటి కట్టాను.

మా ఆయనకు నేనే చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు మొదళ్ళ చుట్టూ తిరిగి వచ్చాడు.

"గూళ్ళుండేటివి వదిలేసి ఇవి కొట్టించినావా?"

"నాకు తెలిసింది అంతే."

"పోనీలే. ఎట్టైనా అవి చిగురించేవి గావు," అన్నాడు. సంతోషపడ్డాడో బాధపడ్డాడో నాకు అర్థం కాలేదు. యాభై ఏళ్ళు కాపురం చేసి కూడా ఆ మొహం చదవడం రాలేదు నాకు. "నేనే ఫోన్లో చెప్పినానని వానికి చెప్తా. నువ్వు నోరెత్తొద్దు. కన్ను మానేదాకా అసలే వద్దు."

నోరెత్తలేదు. అదొక వారం. గదిలో చీకట్లో ఆదిమూలం పడుకుని ఉండేవాడు. రెండు రోజులు పిట్ట అలికిడి లేదు. గూడు వదిలేసి పోయిందేమోనని భయపడ్డాను. మూడోరోజు పొద్దున టకటకమని కొట్టింది.

"వింటివా వొదినా? నా మాను మీదే కొడతా ఉండాది."

"ఊఁ."

"అన్నకు చెప్తే నవ్వుతాడు గానీ, నువ్వు ఆలోచించు. పురుగు తినేది పచ్చి మానును గదా. చచ్చిపోయి బెండు మాదిరి అయినదాంట్లో దానికేముండాది? పురుగుండాదంటే లోపల యాడో రవంత పచ్చి ఉండాది. ఇది పురుగు కోసం పొడస్తా ఉండిందంటే ఆ మాను బతికున్నట్టు. గూడు తొలిచే మాను వేరే. దాని ముక్కుకు లొంగాల గదా, మెత్తబడి చచ్చినదాన్నే తొలస్తుంది. పిల్లలు ఎగిరిపోయినాక ఆ నాలుగూ కొట్టేయొచ్చు. నువ్వు పుస్తకాలు చదివేదానివి, నీకైనా తెలుస్తుంది."

నేను కంట్లో మందు చుక్కలు వేస్తున్నాను. ఒక చుక్క చెంప మీద పడింది. తుడిచి, మళ్ళీ వేశాను.

"కదలొద్దు," అన్నాను.

ఎనిమిదోరోజు నల్లద్దాలు తీసేసి గడప దాటాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. దక్షిణం పక్కకు తిరిగి, నడక ఆపేశాడు. తర్వాత నిదానంగా పోయి మొదటి మాను మొదలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. సొన ఇంకా ఆరలేదు, దాని మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. ఒక పుల్ల తీసుకుని చీమలను పక్కకు నెట్టాడు. నాలుగింటి దగ్గరా అట్లాగే కూర్చుని లేచాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని, "సంగటి పెట్టు వొదినా," అన్నాడు.

తింటుండగా మా ఆయనే ఎత్తాడు. "నేనే చెప్పినా అప్పా ఫోన్లో. చిన్నబ్బ వచ్చినాడని ఈమె చేస్తే, ఏదో ఒక నాలుగు కొట్టేయమన్నా."

ఆదిమూలం ఊరిబిండి పచ్చడి అద్దుకుని ముద్ద మింగాడు. "ఆపరేషను రోజు నీ ఫోను పొద్దన్నించి ఆపేసి నా దిండు కింద పెట్టింటివి కదన్నా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎవరో మరిచిపోయిన వస్తువు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు.

మా ఆయన నీళ్ళు తాగాడు. నేను సంగటి గిన్నె మీద మూత పెట్టి తీసి, పెట్టి తీశాను.

రెండు రోజులకు బావి దగ్గర నేను బట్టలు పిండుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఒకటే అడుగుతా వొదినా. తెలిసే చూపించినావా?"

"తెలీదు అప్పా."

"మాను తెలీదా, తెలిసి చూపించినావో లేదో తెలీదా?"

నిజం చెప్పాలని చూశాను. మొదటిదాన్ని కోసేదాకా తెలీదు. కోశాక తెలుసు. తెలిసి కూడా కొట్టమన్నాను. ఎందుకన్నాను? చిన్నబ్బ ముందర నా మాట తప్పవుతుందనా? కూలీలు మళ్ళీ నవ్వుతారనా? లేక ఆ ఎండాకాలమంతా రెండు ముద్దల మధ్య ఆ తగాదా విని విని, ఎట్లాగోట్లా తెగిపోతే చాలనుకున్నానా? లోపల వెతికితే ప్రతిదీ కొంచెం కొంచెం దొరుకుతుంది, ఏదీ పూర్తిగా దొరకదు.

"తెలీదు," అన్నాను మళ్ళీ.

"సరేలే," అని బక్కెట్టు అందుకుని బట్టలు ఆరేయడానికి తీసుకుపోయాడు.

మే నెల మధ్యలో మా ఆయన మిగిలిన నాలుగూ కొట్టించడానికి వేరే మనిషిని మాట్లాడాడు. ఆదిమూలం ఒకే ఒక్కమాట అడ్డం చెప్పాడు. "గూట్లో పిల్లలు పుట్టినాయి. అవి ఎగిరేదాకా ఆగన్నా. ఆ తర్వాత నేను ఈ తోపులో ఏమీ అడగను." మా ఆయన ఆగాడు. ఆదిమూలం రోజూ పొద్దున్నే ఎదురుగా మంచం వేసుకుని కూర్చునేవాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ వంతులేసుకుని మేత తెచ్చేవి. వాటికి పురుగులు దొరికే మాన్లు లేవు ఇప్పుడు. తోపు ఆ చివరికి, రోడ్డు పక్క కానుగ చెట్ల దాకా పోయి వచ్చేవి. "ఇంతకు ముందు పది అంగల్లో పనైపోతా ఉండె," అన్నాడు ఒకసారి. నాతో కాదు. పక్కన నేనున్నానని తెలిసే అన్నాడు.

అన్నం తినేవాడు. పలకరిస్తే పలికేవాడు. మందు చుక్కలు నా చేతే వేయించుకునేవాడు. నేను ఎదురుచూసిన తిట్టు ఒక్కటీ రాలేదు. అది రానందుకే నాకు రాత్రీ పగలూ తెలియలేదు. కొట్టించినందుకు కష్టపెట్టుకున్నాడా, ఎనిమిదిరోజులు చీకటి గదిలో "ఊఁ" కొట్టినందుకా, అన్న చెప్పిన అబద్ధానికా? ఒక్కటి ఏదో తెలిస్తే ఆ ఒక్కదానికి కాళ్ళు పట్టుకుందును.

జూన్ ఏడున ఒక పిల్ల తొర్రలోంచి తల బయటపెట్టి, పొద్దంతా అరిచి, చీకటి పడేలోపు కానుగ చెట్టు దాకా ఎగిరింది. మర్నాడు రెండోది. ఆ సాయంత్రం ఆదిమూలం మంచం మడిచి గోడకు ఆనించాడు.

శనివారం పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"నాయుడుపేటకు పోతా వొదినా. నాగరత్నమ్మక్క పిలస్తా ఉండాది. ఆడ నర్సరీలో అంట్లు కట్టే మనుషులు లేరంట." నాగరత్నమ్మ అన్నదమ్ములిద్దరికీ అక్క, అక్కడే కాపురం.

"ఎన్నాళ్ళకొస్తావు?"

"సూస్తాం."

"మాత్రలు..."

"పెట్టుకున్నా. నేనే పెట్టుకున్నా."

మా ఆయన అరుగు మీద పేపరు పట్టుకుని ఉన్నాడు. "జాగర్త అప్పా" అన్నాడు. ఆదిమూలం వంగి అన్న కాళ్ళకు దండం పెట్టాడు. నా దగ్గరికి వచ్చి నాకూ పెట్టాడు. యాభై ఏళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. నేను వెనక్కి జరిగాను. ఆశీర్వదించాలని తోచలేదు. అప్పటికి ఆయన లేచి నడుస్తున్నాడు.

ఆ నెలాఖరుకు మిగిలిన నాలుగు మాన్లూ కొట్టారు. పొడి ఇల్లంతా పడింది. రెండురోజులు ఊడ్చాను. వానలకు కొత్త అంట్లు నాటారు, పీలేరు మనిషి ఒకాయన వచ్చి చూసుకుంటున్నాడు. నాగరత్నమ్మ వదిన ఫోను చేస్తే ఆదిమూలం మాట్లాడతాడు. కన్ను బాగుంది అంటాడు. రమ్మంటే, "వస్తాలే వొదినా, పని ఉండాది" అంటాడు. ఆ గొంతులో కోపం ఉందేమోనని నేను చెవి ఆనించి వింటాను. ఉండదు.

నా మరిది ఆదిమూలం 2023 జూన్ పదో తేదీన ఇల్లు వదిలి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.